డెల్ బండి వంతెన దాటిన రోజు

మా ఊళ్లో డర్ట్ బైకు ఉన్న ప్రతివాడూ వంతెన దగ్గర దిగుతాడు. ఇంజను ఆపి, హెల్మెట్ తీసి హ్యాండిలుకు తగిలించి, బండిని నెట్టుకుంటూ అవతలి గట్టుకు చేరి మళ్లీ ఎక్కుతాడు. కొత్తవాళ్లు చూసి ఇదేదో మొక్కు అనుకుంటారు. మొక్కు కాదు, చట్టం. ఊరి వీధుల్లో మెల్లగా పోయేటట్టయితే ఈ బండ్లు నడుపుకోవచ్చని టౌన్ కౌన్సిల్ ఎప్పుడో తీర్మానం చేసింది. నది అవతల అడవి దారి మొదలవుతుంది. అక్కడ ఏటేటా కొనే స్టిక్కరు, సైలెన్సరులో నిప్పురవ్వలు బయటపడకుండా ఒక జాలీ ఉంటే చాలు. మధ్యలో ఉన్న వంతెన మాత్రం రాష్ట్ర రహదారిలో భాగం. దాని మీద నడపాలంటే రోడ్డు మోటారుసైకిలుకు ఉన్నట్టే లైట్లు, హారను, అద్దం, నంబరు ప్లేటు ఉండాలి. డర్ట్ బైకుకు ఇవేవీ ఉండవు. అయితే బండిని చేత్తో నెట్టుకుపోయేవాణ్ణి చట్టం ఏమీ అనదు.

నేను హైస్కూల్లో పౌరధర్మం చెబుతాను. చట్టాల పాఠం వచ్చినప్పుడల్లా ఈ వంతెననే ఉదాహరణగా చెప్పేదాన్ని. ఒకే మనిషి, ఒకే బండి, ఒక్క మైలు లోపల మూడు రకాల చట్టాలు. పిల్లలకు ఇట్టే అర్థమయ్యేది. వాళ్లలో సగంమంది ఆ వంతెన మీద బండి నెట్టినవాళ్లే.

మా టామరాక్ ఫోర్డ్ ఊరి మనుషులకు ఆ నెట్టడం ఒక గొప్ప. నగరాల నుంచి వచ్చేవాళ్లు బండ్లను ట్రైలర్ల మీద కట్టేసి, పికప్పు ట్రక్కుల్లో చల్లగా కూర్చుని వంతెన దాటిపోతారు. వాళ్లకు మావాళ్లు పెట్టిన పేరు ట్రైలర్ దొరలు. మావాడు తన గుమ్మంలో కిక్ కొట్టి బయలుదేరితే కొండ మీది మంచె దాకా తన బండి మీదే పోవాలి. అది అడవిలో ఎక్కడైనా పొగ లేస్తే కనిపెట్టడానికి వెనకటివాళ్లు కట్టిన మంచె. వంతెన మీద నెట్టడాన్ని దిగినట్టుగా ఎవరూ లెక్కపెట్టరు.

నా భర్త డెల్ కుర్రతనం నుంచి ఆ వంతెన మీద బండి నెట్టినవాడే. కిందటి ఏడాది అతని గుండె బలహీనపడింది. బరువులెత్తవద్దని డాక్టరు చెప్పాడు. బండి నెట్టవద్దని ప్రత్యేకంగా చెప్పలేదు కనుక డెల్ దాన్ని అనుమతి కింద తీసుకున్నాడు. మా వంతెన అవతలి వైపుకు కాస్త ఎత్తు. కారులో పోతే ఆ సంగతి తెలియదు. మధ్య స్తంభం దాకా పోయి డెల్ ఆగిపోయాడు. నేను కాఫీ ఫ్లాస్కు పట్టుకుని ఇవతలి గట్టున ఉన్నాను. అతను ముందు బ్రేకు బిగించి పట్టుకుని, కమ్మీకి నడుము ఆనించి, తల దించుకుని నిలబడ్డాడు. వెనక వస్తున్న గార్త్ తన బండికి స్టాండు వేసి సాయానికి వచ్చాడు. డెల్ తల అడ్డంగా ఊపాడు. కొంతసేపటికి బండిని వెనక్కి తిప్పి, వాలు మీద అది దానంతట దొర్లుతూ ఉంటే పక్కన నడిచి నా దగ్గరికి వచ్చాడు. ఇంటికి పోదాం పద అన్నాడు. బండిని షెడ్డులో పెట్టి పాత దుప్పటి కప్పాడు. మళ్లీ దాన్ని తియ్యలేదు. నవంబరులో పోయాడు.

చావు జరిగిన ఇంటికి మా ప్రాంతంలో బంగాళాదుంపలు, చీజు కలిపి వండిన పళ్లేలు తెచ్చి ఇస్తారు. అడుగున అంటించిన టేపు మీద ఎవరి పళ్లెం వారిదని పేరు రాసి ఉంటుంది. ఆ పళ్లేలు తిరిగి ఇవ్వడానికి తప్ప చలికాలమంతా నేను బడికీ ఇంటికీ మధ్య ఇంకెక్కడికీ పోలేదు.

ఏప్రిల్‌లో మంచు కరుగుతున్నప్పుడు గార్త్ ఓలర్టన్ వచ్చాడు. మా రైడర్ల సంఘానికి పెద్ద అతనే. కలప మిల్లులో పనిచేసి మానుకున్నాడు. డెల్‌కు చిన్నప్పటి నుంచి జోడీ. వంటింట్లో కూర్చుని చాలాసేపు వాతావరణం గురించి మాట్లాడాడు. అతను ఎందుకు వచ్చాడో నాకు తెలుసు. ఏ రైడరైనా చనిపోతే, జూన్‌లో అడవి దారులు తెరిచిన మొదటి శనివారం అతని బండి అందరికంటే ముందు పోవాలి. అతని గుమ్మం నుంచి మంచె దాకా పోవాలి. ఇంటి మనిషి నడపాలి, లేకపోతే సంఘం పెద్ద నడపాలి. మాకు పిల్లలు లేరు.

నేను నడుపుతానని చెప్పాను. పెళ్లయిన కొత్తలో డెల్‌తో పాటు నేనూ నడిపేదాన్ని. భుజం విరిగిన తర్వాత మానేశాను. నడపడానికి ఆ భుజం ఇప్పటికీ పనికొస్తుంది, నెట్టడానికి పనికిరాదు.

గార్త్ తల ఊపాడు. "మంచిది. వంతెన దగ్గర నేనే నెడతాను. నా బండి ఇంకెవరైనా చూసుకుంటారు."

"ఆ వంతెన మీద ఆ బండిని ఇక ఎవరూ నెట్టరు, గార్త్."

"నెట్టక? రెక్కలు పెడతావా?"

"ఇంజను మీద దాటుతుంది."

అతను కాఫీ కప్పు కింద పెట్టాడు. "టీచరమ్మా, ఊళ్లో సగంమందికి చట్టం చెప్పినదానివి. నువ్వే తప్పుతావా?"

"తప్పను. ప్లేటు వేయిస్తాను."

నేను చట్టం తప్పుతానన్నా అతనికి అంత బాధ కలిగేది కాదని ఆ ముఖం చూస్తే తెలిసింది. మా ఊరి చరిత్రలో డర్ట్ బైకుకు ప్లేటు వేయించినవాళ్లు లేరు. చట్టం అడ్డం వస్తే దిగి నెడతాం కాని, దానికోసం బండికి దీపాలూ అద్దాలూ తగిలించి తల వంచం అన్నది వాళ్ల పంతం. గార్త్ లేచి టోపీ పెట్టుకున్నాడు. డెల్ బండికి నగలు పెట్టే పనిలో తాను చెయ్యి పెట్టనని, సంఘంలో ఎవరినీ పెట్టనివ్వనని చెప్పి వెళ్లిపోయాడు.

మర్నాడు బడి నుంచి వచ్చి షెడ్డు తలుపు తెరిచాను. దుప్పటి తీసి, మడిచి, బల్ల మీద పెట్టాను. ఆ పని అనుకున్నంత కష్టంగా లేదు. కష్టమంతా తర్వాత వచ్చింది.

కావలసిన సామాను తెప్పించుకున్నాను. హెడ్‌లైటు, వెనక లైటు, ఇండికేటర్లు, హారను, రెండు అద్దాలు, రోడ్డు మీద చెల్లుతాయని ముద్ర ఉన్న టైర్లు. వైర్లు ఎక్కడ కలపాలో చూపే పటం ఒకటి వాటితో వచ్చింది. డెల్ పనిముట్లు గోడకు వరసగా తగిలించి ఉన్నాయి. ఏ మేకుకు ఏది ఉండాలో గోడ మీద పెన్సిలుతో గీసి పెట్టుకున్నాడు. పని అయ్యాక ఒక్కోదాన్ని ఆ గీతలోనే తగిలించేదాన్ని.

వారం తిరగకముందే గార్త్ షెడ్డు గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. ఏదో రెంచి డెల్ అరువు తీసుకున్నాడట, దానికోసం వచ్చాడట. నేను వైరు అతికిస్తూ ఉంటే కొంతసేపు చూశాడు. తర్వాత ఒక బకెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నాడు.

"అలా అతికిస్తే మొదటి గుంటలోనే ఊడుతుంది."

"చెయ్యి పెట్టనన్నావు కదా."

"చెయ్యి పెట్టనన్నాను. నోరు పెట్టననలేదు."

అప్పటి నుంచి సాయంత్రాలు వచ్చి ఆ బకెట్టు మీదే కూర్చునేవాడు. రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని, ప్రతి సలహానూ తిట్టు రూపంలోనే ఇచ్చేవాడు. అద్దాలను కుందేలు చెవులు అనేవాడు. టైర్లు చూసి, వీటితో కొండ ఎక్కుతావా చర్చికి పోతావా అని అడిగాడు. ఒకసారి బోల్టు మర తప్పి బిగుసుకుంటే, జేబులో చెయ్యి బయటికి రాబోయి మళ్లీ లోపలికి పోవడం చూశాను. నవ్వు వచ్చింది. డెల్ పోయాక నేను నవ్వడం అదే మొదటిసారి అనుకుంటాను. గార్త్ చూడనట్టు నటించాడు.

మధ్యలో మోటారుసైకిలు లైసెన్సు పరీక్షకు పోయి వచ్చాను. అక్కడ చిన్న ఎరుపు శంకువుల మధ్య బండి తిప్పమన్నారు. పరీక్ష పెట్టిన అమ్మాయి నా వయసు చూసి, తొందరేం లేదు, మెల్లగా తిప్పండి అంది. మెల్లగా తిప్పడమే కష్టం అన్న సంగతి ఆమెకూ తెలుసు. ఒక్క శంకువు కూడా పడలేదు.

మే నెల చివర డెప్యూటీ ట్రెంట్ హైమస్ తనిఖీకి ఇంటికి వచ్చాడు. షెరిఫ్ ఆఫీసులో ఈ పని అతనిది. ఒకప్పుడు నా క్లాసులో వెనక బెంచీ అతనిది. ముందు బండి చట్రం మీది నంబరు చూసుకున్నాడు. హెడ్‌లైటు వేయించాడు, అద్దాలు కదిలించి చూశాడు. చేతి బ్రేకు నొక్కితే వెనక లైటు వెలిగింది. కాలి బ్రేకు తొక్కితే వెలగలేదు. ఇంజను నెమ్మదిగా తిరుగుతుండగా హారను నొక్కమన్నాడు. నొక్కాను. జలుబు చేసిన కోడిపిల్లలా ఒక కీచు వినిపించి ఆగిపోయింది. దాంతోపాటు హెడ్‌లైటూ మసకబారింది. బ్యాటరీ లేని పాత బండి అది. ఇంజను జోరుగా తిరిగితేనే కరెంటు.

ట్రెంట్ చెవి గోక్కున్నాడు. "టీచర్, మీరు నన్ను ఒకసారి ఫెయిల్ చేశారు గుర్తుందా?"

"ఉంది. చదవకుండా వచ్చావు."

"ఇది దానికి పగ కాదని మీరు నమ్మాలి."

"కాలి బ్రేకు పనిచెయ్యలేదు, హారను మోగలేదు. నువ్వు పాస్ చేసి ఉంటే నేనే ఒప్పుకునేదాన్ని కాదు."

అతను ఊపిరి పీల్చుకున్నాడు. బకెట్టు మీద కూర్చున్న గార్త్ మాత్రం, దీపాలు పెట్టుకుని కూడా రోడ్డెక్కలేని బండి లోకంలో ఇదొక్కటే అని ట్రెంటుకు వినపడేలా అన్నాడు. ఇద్దరూ వెళ్లాక నేను షెడ్డులో ఒక్కదాన్నే కాసేపు కూర్చున్నాను. శనివారం రెండు వారాల్లోకి వచ్చేసింది. ఆ రోజుకు ప్లేటు రాకపోతే గార్త్ నెట్టడానికి నేను ఒప్పుకోవాలి, లేదా డెల్ బండి షెడ్డులోనే ఉండాలి. ఈ రెండూ నాకు ఒకటే.

సీటు కింద చిన్న బ్యాటరీ పట్టేంత చోటు చేశాను. దానికి పాత పెట్టె ఒకటి విప్పి, రేకు వంచి, తొట్టిలా బిగించాను. కాలి బ్రేకు దగ్గర చిన్న స్విచ్చి ఉంటుంది. దాని స్ప్రింగు బురద పట్టి బిగుసుకుపోయింది. శుభ్రం చేసి బిగించాను. ఆ సాయంత్రం ఇంజను ఆపేసి హారను నొక్కితే, వీధి చివర కుక్క మొరిగింది. గార్త్ బకెట్టు మీంచి ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు. అంతమాత్రాన మెచ్చుకోలేదు. డెల్ ఉంటే ఈ చప్పుడుకు ఇల్లు వదిలిపోయేవాడని చెప్పి వెళ్లాడు.

ట్రెంట్ మళ్లీ వచ్చి అన్నీ చూసి సంతకం చేశాడు. కౌంటీ ఆఫీసులో ప్లేటు తీసుకుని, ఇంటికి తెచ్చి, వెనక చక్రం పైన రెండు మరలతో బిగించాను. చిన్న రేకు ముక్క. దాన్ని చూస్తూ నిలబడ్డాను.

ఆ గురువారం మా ఊరి డైనర్ హోటల్లో సంఘం కూడింది. మాంసం, చిక్కుడు గింజలు కలిపి ఉడికించిన చిల్లీ, దాల్చినచెక్క రొట్టె మా సంఘానికి ఎప్పుడూ ఉండే తిండి. తినడం పూర్తయ్యాక గార్త్ గొంతు సవరించుకున్నాడు. చెప్పడానికి అతనికి ఇష్టం లేదని అందరికీ తెలుస్తూనే ఉంది. ఇంజను మీద దాటే బండి ముందు పోతే, వెనక నెట్టుకుంటూ వచ్చేవాళ్ల పరువేం కావాలని కొందరు అడుగుతున్నారట. ప్లేటు ఉన్న బండి వరసకు నాయకత్వం వహించడం వాళ్లకు సమ్మతం కాదట. డెల్ మీద గౌరవానికి లోటు లేదట. బండి వస్తుంది, కాని చివరన వస్తుంది.

ఎవరూ నా వైపు చూడలేదు. డెల్‌కు దక్కవలసిన ముందు స్థానం పోతోంది. అందుకు బాధ కలిగింది. కాని నేను కోరింది ఆ స్థానం కాదు. చివరనైనా సరే, దాటితే చాలునని చెప్పాను. కోటు వేసుకుని బయటికి వచ్చాను.

శనివారం తెల్లవారేసరికి ఆకాశం శుభ్రంగా ఉంది. మా గుమ్మంలో కిక్ కొట్టాను. డెల్ జాకెట్టు నాకు వదులు కనుక చేతులు మడిచి వేసుకున్నాను. సంఘం బండ్లన్నీ వీధి మలుపులో కలిశాయి. నేను చివరన చేరాను. ఊరి మధ్య నుంచి మెల్లగా సాగి వంతెన మొదటికి వచ్చేసరికి ముందున్న బండ్లన్నీ ఆగిపోయాయి.

మొన్నటిదాకా లేని ఎరుపు దీపం ఒకటి వంతెన మొదట్లో వెలుగుతోంది. రహదారి వాళ్లు మరమ్మతు మొదలుపెట్టారు. ఒక పక్క కాలిదారి అంతా పెకలించి, ఇనుప చువ్వలు బయటపడి ఉన్నాయి. వాహనాలకు ఒక్క వరస మాత్రం వదిలారు. ఇటువాళ్లు కాసేపు, అటువాళ్లు కాసేపు పోవాలి. పక్కన నారింజ రంగు బోర్డు మీద నడిచి పోయేవారికి ప్రవేశం లేదని రాసి ఉంది. నిన్నటి నుంచి ఊరంతా ఆ బోర్డు చూసింది. నేనూ చూశాను. అది తమ గురించేనని మాత్రం సంఘంలో ఎవరికీ తట్టలేదు. తాము రైడర్లు. బోర్డు నడిచేవాళ్లకు.

ట్రెంట్ అక్కడే తన ట్రక్కు పక్కన నిలబడి ఉన్నాడు. గార్త్ అలవాటుగా ఇంజను ఆపి, హెల్మెట్ తీసి, హ్యాండిలుకు తగిలించి, బండి నెట్టడం మొదలుపెట్టాడు. ట్రెంట్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"వీల్లేదు, గార్త్ బాబాయ్. బోర్డు చూడు."

"చూశాను. నడిచేవాళ్లకని ఉంది."

"మరి నువ్వు చేస్తున్నదేంటి?"

గార్త్ ఒకసారి తన కాళ్ల వైపు చూసుకున్నాడు. "నేను రైడర్ని."

"రైడర్‌వైతే ప్లేటు ఏది? దిగి నెడితే నడిచే మనిషి కిందే లెక్కని, ఒకప్పుడు ఇదే ఉద్యోగం చేసిన మా నాన్నకు నువ్వే చెప్పావు. ఇన్నేళ్లూ ఆ మాట మీదే కదా అందరూ దాటారు. ఇవాళ నడిచే మనుషులకు దారి లేదు."

వరస పొడవునా గొణుగుడు పుట్టింది. నెట్టేటప్పుడు బండి ఉంది కనుక వాహనమేనని ఒకరు, ఇంజను ఆపాక వాహనం కాదని ఇంకొకరు. ఇద్దరూ సంఘం మనుషులే. తీర్పు చెప్పమని ఎవరో నన్ను పిలిచారు. ఎన్నో ఏళ్లుగా క్లాసులో చెప్పిన పాఠమే మళ్లీ చెప్పాను. వంతెన మీద బండి నెట్టే మనిషి చట్టం దృష్టిలో నడిచే మనిషి, ట్రెంట్ చెప్పింది నిజం. ఆ మాట చెప్పడంలో నాకు ఆనందం లేదు. వాళ్లు దాటకుండా నేను దాటాలని కోరుకోలేదు.

ఇక మిగిలిన దారి ఒకటే. దాన్ని ఎవరూ నోటితో అనలేకపోయారు. చివరికి గార్త్ అన్నాడు. ఇళ్లకు పోయి ట్రైలర్లు తీసుకురండి. సంఘంలో అంత వయసున్న మనిషి ఆ మాట అనడం విని కొందరు నేల చూపులు చూశారు. ఒకతను తన దగ్గర ట్రైలరు లేదన్నాడు. అతని భార్య వెనక నుంచి, ఉంది, దుంగల కింద ఉంది అంది. అప్పుడు అందరూ నవ్వారు. గార్త్ నవ్వలేదు.

ట్రెంట్ వరస చివరికి, నా దగ్గరికి వచ్చాడు. ప్లేటు చూశాడు. తాను సంతకం చేసిందే అయినా మళ్లీ చూశాడు.

"టీచర్, మీది వాహనం. ముందుకు రండి. పచ్చ దీపం వచ్చాక పోవచ్చు."

బండ్లు ఒక్కొక్కటే పక్కకు జరిగి దారి ఇచ్చాయి. ఎరుపు దీపం ముందు ఒక్కదాన్నే నిలబడ్డాను. అటు నుంచి ఒక కలప లారీ, రెండు కార్లు వస్తున్నాయి. ఇంజను కింద సన్నగా కొట్టుకుంటోంది. చివరి కారు దిగిపోయింది. దీపం పచ్చబడింది. నేను క్లచ్ వదలబోయేసరికి ఇంజను ఒక్కసారి దగ్గి ఆగిపోయింది.

కిక్ కొట్టాను. లేవలేదు. మళ్లీ కొట్టాను. పచ్చ దీపం ఎంతసేపు ఉంటుందో నాకు తెలియదు. చెయ్యి దానంతటదే థ్రాటిల్ తిప్పుతోంది.

గార్త్ గొంతు వినిపించింది. ఆ గొంతులో ఎగతాళి లేదు. "థ్రాటిల్ వదిలెయ్, వెర్లా. దానికి పెట్రోలు ఎక్కువైంది. చెయ్యి తీసేసి, బలమంతా పెట్టి తన్ను."

పెళ్లి అయినప్పటి నుంచి అతను నన్ను పేరు పెట్టి పిలిచిన సందర్భాలు తక్కువ. చెయ్యి తీసేశాను. లేచి నిలబడి, ఉన్న బరువంతా కాలి మీద వేసి తన్నాను. ఇంజను అందుకుంది.

వంతెన మీదికి వచ్చాను. ఇనుప అతుకుల మీద చక్రాలు టకటకమన్నాయి. ఎడమ పక్క కమ్మీ, దాని కింద మంచు నీళ్లతో నిండుగా నది. మధ్య స్తంభం దగ్గర పడుతున్నప్పుడు ఎత్తు తెలిసింది. బండి కాస్త బరువెక్కింది. కమ్మీకి రంగు ఊడిన చోటు కనబడింది. డెల్ ఆనుకున్నది అక్కడే. నేను అక్కడ ఆగాలని అనుకోలేదు. ఆగకూడదనే వచ్చాను. ఒక గేరు తగ్గించి థ్రాటిల్ తిప్పాను. బండి ఎత్తును సులువుగా ఎక్కింది. చెవుల నిండా ఆ చప్పుడే. అంత బరువును ఆ మనిషి ఇన్నేళ్లు చేత్తో నెట్టాడు. ఇప్పుడది తనంతట తాను పోతోంది.

అవతలి గట్టు చేరి పక్కకు ఆపి, వెనక్కి తిరిగాను. వంతెన చివర అందరూ నిలబడి చూస్తున్నారు. ఎవరో చెయ్యెత్తారు. తర్వాత అందరూ ఎత్తారు. గార్త్ తన హెల్మెట్‌ను హ్యాండిలు నుంచి తీసి తల పైకి ఎత్తి పట్టుకున్నాడు. నేను హారను నొక్కాను. చట్టం కోరిన దానికంటే ఎక్కువసేపు నొక్కాను.

చివరి బండి దాటేదాకా ఎవరూ పైకి పోకూడదన్నది మా నియమం. ఎండలో కూర్చుని ఎదురు చూశాను. ట్రైలర్లు ఒక్కొక్కటే వచ్చాయి. దిగిన ప్రతివాడూ నన్ను చూసి ఏదో ఒకటి అనవలసి వచ్చింది. ఎక్కువమంది హారను బాగుందన్నారు. ఒకతను అద్దాలు ఎక్కడ దొరుకుతాయని, తన కోసం కాదు, తమ్ముడి కోసమని అడిగాడు. చెప్పాను. గార్త్ అందరికంటే చివర, పరాయివాడి ట్రైలరులో వచ్చాడు. బండి దింపుకుని నా పక్కకు తెచ్చి నిలబెట్టాడు.

"ఊళ్లో ఉన్న బండ్లన్నిటిలోకీ మనిషి దిగకుండా వచ్చింది ఈ ఒక్క బండే," అన్నాడు. "అది ముందు పోవాలి. నువ్వు నడువు టీచరమ్మా, మేం వెనక వస్తాం."

గురువారం నాటి నిర్ణయం సంగతి ఎవరూ ఎత్తలేదు.

అడవి దారి రాళ్లు, వేళ్లు, మంచు కరిగిన బురదతో ఉంది. ఆ టైర్లు జారతాయని గార్త్ అన్నది నిజమే. రెండు చోట్ల దాదాపు పడబోయాను. పడలేదు. ఫర్ చెట్లు పలచబడ్డాక ఆకాశం మొదలైంది. మంచె కనబడింది. డెల్ బండి ముందు చక్రాన్ని మంచె మెట్లకు ఆనించి, ఇంజను ఆపాను. వెనక ఒక్కొక్క ఇంజనూ ఆగింది. అందరూ హెల్మెట్లు తీశారు. గాలి తప్ప ఇంకేమీ లేదు.

దిగేటప్పుడు వాళ్లు ట్రైలర్ల దగ్గర ఆగిపోయారు. నేను ఎరుపు దీపం దగ్గర నా వంతు కోసం ఆగి, పచ్చబడ్డాక వంతెన దిగాను. తర్వాత ఊరి పెద్ద వీధి. బడి ముందు పిల్లల కోసం పెట్టిన ఆగు బోర్డు దగ్గర పూర్తిగా ఆగి, కాలు నేల మీద ఆనించి, రెండు పక్కలా చూశాను. శనివారం కనుక పిల్లలు లేరు. కుడి ఇండికేటరు వేసి మా వీధిలోకి తిరిగాను.

షెడ్డు తలుపు తెరిచే ఉంది. లోపలికి నేరుగా నడుపుకుంటూ పోయాను.